మూడో గడి

మా అన్న వీరేశం మూడోసారి కిందపడింది ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు. ఆ టైము నా రికార్డులో ఉంది. ఆయన పడిన చోట గోడ మీద గడియారం మాత్రం అప్పటికి పావు తక్కువ పదకొండే చూపిస్తోంది. అసలు పడింది ఆ గడియారం వల్లే. నడక హాల్లో చేతికర్ర లేకుండా నలభై అడుగులు వేసి, చివరికి వెళ్ళి ఆగి, అది వెనక నడుస్తోందని గమనించి, ఎవరూ చెప్పకుండానే దాన్ని దించబోయాడు. రెండు చేతులూ పైకెత్తాడు. కాస్త వెనక్కి వాలాడు. అంతే, రెండు మోకాళ్ళూ ఒకేసారి మడతపడ్డాయి.

ఆయనకు నడక నేర్పే జావీద్ భాయ్ నడుము పట్టీని అందుకున్నాడు కాబట్టి తల నేలకు తగల్లేదు.

"దెబ్బ తాకిందా వీరేశన్నా?"

"దెబ్బేం లేదు గని, ఆ గడియారంల సెల్లు మార్చుండ్రి. మూడు రోజుల సంది సూస్తున్న."

నేను ఆయన దగ్గరికి పరిగెత్తలేదు. కంప్యూటర్ ముందే కూర్చుని, రికార్డు పూర్తిగా సేవ్ అయ్యేదాకా కదల్లేదు. అది నా ఉద్యోగం. అన్న పడితే ముందు ఫైలు చూసే చెల్లెలిని నేను.

అన్న కల్లుగీత కార్మికుడు. మా నాయన తర్వాత ఆయన తాళ్ళు, అంటే తాటిచెట్లు, తనే పట్టి, పద్దెనిమిదో ఏట నుంచి ముప్పై ఎనిమిదో ఏటి దాకా రోజూ ఎక్కాడు. మూడేళ్ళ కింద చెట్టు మీద నుంచి పడితే నడుము దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్ళు రెండూ పోయాయి. అప్పటికి నేను హనుమకొండలో డాక్టర్ శేషుకుమారి మేడం దగ్గర చేరి ఏడాది అయింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మేడం పన్నెండేళ్ళుగా తయారుచేస్తున్నది వెన్నువంతెన. బొటనవేలి గోరంత చిప్పు. విరిగిన చోటుకు పైన మెదడు పంపే సంకేతాన్ని విని, కింద ఉన్న నరాలకు అందిస్తుంది. అన్న ఆరో మనిషిగా దాన్ని పెట్టించుకోవడానికి ఒప్పుకున్నప్పుడు మేడం నాకు ఒక షరతు పెట్టారు.

"నువ్వు ఆయన చెల్లెలివి. ఆయన వైద్యంలో ఏ నిర్ణయం మీదా నీ సంతకం ఉండకూడదమ్మా. రికార్డు రాయి, అంతవరకే."

రికార్డు రాయడమంటే ఏమిటో మా వదినకు ఇలా చెప్పాను. చిప్పులో ఒక్కో పనిని ఒక్కో ప్రాసెస్ అంటారు. ఎడమకాలు నడపడం ఒకటి, కుడికాలు నడపడం ఒకటి. పని చేసేటప్పుడు అది వాడే చిన్న చిన్న అరల్ని రిజిస్టర్లు అంటారు. చేతిలో పట్టుకున్న వస్తువుల్లాంటివి. ప్రోగ్రాం ఉన్నట్టుండి కూలిపోతే నేను పంచనామా తీస్తాను. కూలినప్పుడు ఏ పని నడుస్తోంది, దాన్ని ఎవరు మొదలుపెట్టారు, నడుస్తోందా ఆగి ఉందా, పదహారు అరల్లో ఏమేమి ఉన్నాయి, తర్వాత వేయబోయే అడుగు ఏది. ఇవన్నీ ముందే గీసిపెట్టిన గళ్ళలోకి వచ్చి పడాలి. కూలాక అడిగితే చెప్పేవాళ్ళు ఉండరు.

"గళ్ళు ఎవరు గీస్తరు?" అని అడిగింది మా కళావతి వదిన.

"నేనే వదినా."

"అయితే మంచిగ గీయి" అంది.

చిప్పు పెట్టించుకున్న మిగతా అయిదుగురూ నడుస్తున్నారు, పడటం లేదు. మా అన్న ఒక్కడికే ప్రోగ్రాం మొత్తం కూలుతోంది. మళ్ళీ లేవడానికి దానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ నాలుగు సెకన్లు ఆయనకు కాళ్ళు లేనట్టే. మూడు పంచనామాల్లోనూ కుడికాలి గళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎడమకాలి గళ్ళలో మాత్రం అర్థంపర్థం లేని అంకెలు. నడిచే కాలిలో రాకూడని అంకెలు.

ఆ మధ్యాహ్నం మేడం నన్ను గదిలోకి పిలిచారు.

"వచ్చే బుధవారం మన ప్రయోగాన్ని పరిశీలించే కమిటీ వస్తోంది సంధ్యారాణీ. తొమ్మిది రోజులు. కారణం తేలకపోతే ఆయన చిప్పు ఆపేసి తీసేయమంటారు. నేను కాదనలేను, మనిషి పడుతున్నాడు కదా."

"ఆయన తప్పేం లేదు మేడం."

"నాకు తెలుసు. కానీ వాళ్ళు ముందే ఒక ముసాయిదా పంపారు. చూడు."

కాగితంలో కారణం అనే చోట ఇలా ఉంది: వాడకందారు సూచనలు పాటించకపోవడం.

ఆ మాట చదవగానే నాకు ఇంకో కాగితం గుర్తొచ్చింది. అన్న చెట్టు మీద నుంచి పడినప్పుడు విచారణకు వచ్చిన అధికారి ఒక పంచనామా రాశాడు. చెట్టు ఎత్తు, నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే మోకు పొడవు, మోకు తెగిందా లేదా, కార్మికుడు తాగి ఉన్నాడా. నాలుగు గళ్ళు. తలకు పైన ఎండిన మట్ట విరిగి భుజం మీద పడిందని అన్న మంచంలో నుంచి చెప్పాడు. దానికి గడి లేదు. మోకు తెగలేదు, మనిషి తాగలేదు. కాబట్టి చివర్న రాశాడు: కారణం, కార్మికుడి అజాగ్రత్త. అన్న ఏడో తరగతి దాకా చదివాడు. ఆ కాగితం తనే చదువుకున్నాడు. కాళ్ళు పోయాయన్నప్పుడు కూడా అంత మౌనంగా లేడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళు ఏ ఒక్కరోజూ మోకు చూసుకోకుండా చెట్టెక్కని మనిషికి అది మామూలు మాట కాదు.

ఇప్పుడు అదే మాట రెండోసారి రాబోతోంది. ఈసారి గళ్ళు గీసింది నేను.

మూడు రోజులు ఎడమకాలి ప్రోగ్రాం మొత్తం జల్లెడ పట్టాను. దోషం దొరకలేదు.

గురువారం మా ఊళ్ళో కాటమయ్య పండుగ. మా వాళ్ళు ఆయనకు దండం పెట్టకుండా చెట్టు ముట్టరు. పండుగనాడు ఎక్కేవాళ్ళూ, ఎక్కడం మానేసినవాళ్ళూ అందరూ తమ మోకు, కత్తులు కడిగి బొట్టు పెట్టి గుడి ముందు పెట్టాలి. నాకు పని ఉంది, రానన్నాను. వదిన ఒప్పుకోలేదు.

"మూడేండ్ల సంది ఆయిన మోకు నేనొక్కదాన్నే మోస్కపోతున్న. ఈసారి ఆయిన నడిచి వస్తడు. నువ్వు రాకుంటే ఎట్ల?"

వెళ్ళాను. లాప్‌టాప్ సంచీ కూడా పట్టుకునే వెళ్ళాను. ల్యాబు బయట చిప్పు రికార్డు పంపదు కాబట్టి, ఆ ఒక్క రోజుకు అది కూలితే నా ఫోన్ మోగేలా పెట్టుకున్నాను.

ఇంటి ముందు పందిరి కింద అన్న కుర్చీలో కూర్చున్నాడు. వదిన లోపల కొయ్యకు తగిలించిన మోకు దించి తెచ్చింది. మూడేళ్ళుగా దాన్ని ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. అన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముడులు తడిమాడు. వాసన చూశాడు.

"దీనికి నూనె పెట్టలేదేందే?"

"పెట్టిన. ఏడాదికి రెండుసార్లు పెడుతున్న. నీ ముక్కుకే తెల్వట్లేదు."

"ఆఁ. మెత్తగనే ఉంది."

ఆయన నవ్వుతూ మోకును ఎదురుగా ఉన్న పందిరి గుంజ చుట్టూ విసిరి, కొసలు నడుముకు బిగించుకున్నాడు. పట్టు ఎట్లా ఉందో చూసుకోవడానికి. కుర్చీలోనే వెనక్కి వాలాడు. రెండు చేతులతో మోకును గుంజ మీద ఒక్క విసురున పైకి జరిపాడు.

అప్పుడు ఆయన రెండు పాదాలూ నేల మీద నుంచి లేచాయి. ఒకదాని తర్వాత ఒకటి కాదు. మడమలు రెండూ అంటుకుని, ఒకే కాలు లేచినట్టు. వెంటనే రెండూ చచ్చుబడి కిందికి వాలాయి.

నా సంచీలో ఫోన్ మోగింది.

"అన్నా, మల్లొక్కసారి చెయ్యి."

"ఏంది? మోకా?"

"మోకే. అట్లనే. ఎట్ల చేసినవో అట్లనే."

నాలుగు సెకన్లు ఆగి మళ్ళీ చేశాడు. మళ్ళీ పాదాలు కలిసి లేచాయి. మళ్ళీ ఫోన్ మోగింది. మూడోసారీ అంతే.

"పండుగ పూట మీ ల్యాబు మా వాకిట్లకు తెచ్చినవా సంధ్యా?" అంది వదిన, పసుపు గిన్నె పట్టుకుని.

నాకు మా నాయన పాదాలు కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు నాయనకు సద్ది పట్టుకుని తాటివనానికి వెళ్ళి చెట్టు కింద నిలబడేదాన్ని. కింద నుంచి చూస్తే పైకి పోయే మనిషిలో ముందు కనిపించేవి పాదాలే. రెండు పాదాలకూ కలిపి గుజి అనే బందం వేసుకుంటారు. చేతులు మోకును పైకి విసురుతాయి, పాదాలు రెండూ కలిసి ఎగిరి చెట్టును తొక్కుతాయి. చెట్టు మీద ఉన్నంతసేపూ ఎడమకాలు, కుడికాలు అని ఉండవు.

ఇదంతా చూస్తూ పెరిగినదాన్ని నేను. నేనే రాశాను, కాళ్ళ ప్రాసెస్‌లకు రెండు గళ్ళు చాలని.

"గుళ్ళెకు పోదాం పా. నీ ఫోను సప్పుడు ఆగిందా?" అన్నాడు అన్న.

మోకు భుజాన వేసుకుని, నా చెయ్యి ఒకటి పట్టుకుని, గుడి దాకా నడిచాడు. దారిలో ఎవరో "వీరేశం గౌడ్, తాడు ఎప్పుడెక్కుతవే?" అని కేకేస్తే, "ముందు గుడి మెట్లెక్కనియ్యిరా" అన్నాడు.

శుక్రవారం ఉదయం ల్యాబులో మేడంకి, జావీద్ భాయ్‌కి ఫైలు తెరిచి చూపించాను.

"మేడం, వెన్నువంతెన మెదడు పిలుపులు విని, పదేపదే వచ్చే పిలుపు ఒక్కోదానికీ ఒక్కో ప్రాసెస్ తెరుస్తుంది. అది నేర్చుకునే పద్ధతే అది. ఎడమకాలు ఒకటి, కుడికాలు ఒకటి. అంతకు మించి రావనుకున్నాం. మా అన్న మెదడు ఇంకోటి పిలుస్తోంది. రెండు కాళ్ళనూ కలిపి ఒక కాలుగా. చిప్పు దానికి మూడో ప్రాసెస్ తెరుస్తోంది. అది వచ్చి రెండు కాళ్ళూ ఇమ్మంటుంది. పాతవి రెండూ వదలవు. ముగ్గురూ పట్టుకుని లాగితే మొత్తం కూలుతుంది."

"మరి రికార్డులో మూడోది లేదే?" అన్నారు మేడం.

"ఉంది మేడం. గడి లేదు. నేను రెండే గీశాను. మూడోది వచ్చి మొదటి గడి మీదే రాసుకుంది. ఎడమకాలిలో మనం చెత్త అనుకున్నది చెత్త కాదు. అది ఎక్కడం."

జావీద్ భాయ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "యా అల్లా. పడ్డ మూడుసార్లూ చేతులు పైకెత్తిండు. ఒకసారి స్విచ్చు, ఒకసారి బీరువ మీద డబ్బా, ఒకసారి గడియారం. నేనేమో బీపీ చూస్తున్న."

మేడం నన్ను కోప్పడతారనుకున్నాను. పడలేదు.

"రెండు సరిపోతాయని నేను కూడా సంతకం పెట్టాను కదమ్మా. సరిచెయ్యి. కానీ ఇది ఊహ. కమిటీకి ఊహ పనికిరాదు, కుర్చీలో చేసింది అసలే పనికిరాదు. నిలబడి ఉండగా జరిగిన రికార్డు కావాలి. అంటే..."

ఆ మాట ఆవిడ పూర్తిచేయలేదు. అన్న మళ్ళీ పడాలి.

ఆ రోజంతా రికార్డు నిర్మాణాన్ని, అంటే ఆ గళ్ళ అమరికను, తిరగరాశాను. రెండు అనే అంకె తీసేశాను. ఎన్ని ప్రాసెస్‌లు వస్తే అన్ని గళ్ళు పెరిగే జాబితా పెట్టాను. ఎవరు మొదలుపెట్టారు అనే చోట, ఎవరూ కాదు అని కూడా రాయగలిగేలా చేశాను. మూడోది ఎడమకాలి నుంచీ పుట్టలేదు, కుడికాలి నుంచీ పుట్టలేదు. ఒక్కో ప్రాసెస్‌కు దాని రిజిస్టర్లు దానికే, ఒకరి చేతిలోది ఇంకొకరి చేతిలోకి పోకుండా. పేరు అనే గడి ఖాళీగా వదిలాను. అది ఇంకా ఎవరూ పేరు పెట్టని పని.

శనివారం ఉదయం మేడం అన్నకు అంతా చెప్పి, ఒప్పంద పత్రం చేతికిచ్చారు.

"వీరేశం గారూ, మీరు వద్దంటే వద్దు. పట్టీ ఉంటుంది, కింద పరుపు ఉంటుంది. అయినా దెబ్బ తగలదని మాటివ్వలేను."

"పడుడు నాకు కొత్తనా మేడం? ఎందుకు పడ్డనో రాస్తరు గదా ఈసారి?"

"రాస్తాం."

"అయితే పడ్త."

సంతకం పెట్టి లేచాడు. నడిచాడు. గడియారం కింద ఆగి చేతులెత్తి వెనక్కి వాలాడు. కాళ్ళు మడతపడ్డాయి. జావీద్ భాయ్ పట్టీని బిగించాడు కానీ అన్న ఎడమచెయ్యి పరుపు దాటి నేలకు ఆనింది. కట్టె విరిగినట్టు చప్పుడు నాకు కంప్యూటర్ దగ్గరికి వినిపించింది.

సేవ్ అవుతున్న గీత తెర మీద నిండేదాకా నేను లేవలేదు. ఆ నాలుగు సెకన్లు నా జీవితంలో నేను చేసిన ఉద్యోగం మొత్తం. తర్వాత పరిగెత్తాను.

"వచ్చిందా?" అన్నాడు అన్న, మణికట్టు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ బిగువున.

"వచ్చిందన్నా."

"మూడోది?"

"మూడోదే."

"మంచిగయ్యింది. ఎడమచెయ్యే గదా. కత్తి పట్టేది కుడిచెయ్యి."

మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టించి తెచ్చాక అందరం మేడం గదిలో కూర్చున్నాం. వదిన కూడా వచ్చింది. నాతో మాట్లాడలేదు. అన్న పక్కనే కూర్చుని కట్టు అంచు సరిచేస్తోంది. నేను పంచనామా తెర మీద పెట్టాను. మూడు వరుసలు. మొదటిది ఎడమకాలు, శుభ్రంగా ఉంది. రెండోది కుడికాలు, శుభ్రంగా ఉంది. మూడోది, పేరు ఖాళీ. దాని రిజిస్టర్లలో రెండు మోకాళ్ళ వంపు ఒకే అంకె, రెండు మడమల బలం ఒకే అంకె. ఇరవై ఏళ్ళు గుజి వేసుకున్న పాదాలు, గుజి లేకపోయినా విడిపోలేదు.

"కారణం తేలింది" అన్నారు మేడం. "ఇప్పుడు రెండు దారులున్నాయి వీరేశం గారూ. మొదటిది తేలిక. ఆ మూడో పిలుపుకు చిప్పు పలక్కుండా అడ్డం వేస్తాం. రేపటికి అయిపోతుంది. బుధవారం మీరు పడరు, అందులో నాకు అనుమానం లేదు. కానీ పలక్కపోతే మీ మెదడు మూడు నాలుగు నెలల్లో పిలవడం మానేస్తుంది. ఎక్కడం మీ ఒంట్లోంచి పోతుంది. చేతులకు తెలిసింది కూడా మెల్లగా పోవచ్చు."

"రెండోది?"

నేను చెప్పాను. "దాన్ని కూడా ఒక పనిగా ఒప్పుకుని పేరు పెట్టుడు అన్నా. అది వచ్చి అడిగితే తక్కినవి రెండూ కాళ్ళు దానికి ఇడిసిపెట్టాలె. ఎక్కుట్ల రెండు సగాలున్నయ్. ముందు పాదాలు రెండూ కలిసి తొక్కుతయ్, తర్వాత ఎగుర్తయ్. నడుము మీద మోకు బిగువు తెలిస్తేనే ఎగురనియ్యాలె. బిగువు లేకుంటే తొక్కుడు కాడనే ఆగాలె. నాలుగు దినాల్ల రాయొచ్చు. రాసింది తప్పయితే బుధవారం కమిటీ ముందట పడ్తవ్. చిప్పు తీసేస్తరు."

అన్న కట్టు వైపు చూసుకుంటూ మేడంని అడిగాడు. "ఎట్లయినా నేను చెట్టు ఎక్కకూడదు గదా?"

"ఎక్కకూడదు. విరిగిన వెన్ను అది. నేను ఎప్పటికీ ఒప్పుకోను."

"మరి ఒంట్ల ఉంటే ఏంది, పోతే ఏంది?"

నేను వదిన వైపు చూడలేకపోయాను. ఆమె తేలిక దారి అడుగుతుందనుకున్నాను. అడగాల్సిందే. ఆయన ఎన్నిసార్లు పడ్డా లేపేది ఆమే.

"నిద్రల ఎక్కుతడు మేడం" అంది వదిన. "తెల్లారగట్ల చేతులు పైకి విసురుతడు. ఆపరేషన్ కాకముందు కాళ్ళు కట్టెల్లెక్క పడి ఉండేటియి. ఇప్పుడు అవి గూడ కదులుతున్నయ్, జోడుగ. నేను లేపను. సూస్తుంట. అది తీసేస్తే ఆయిన నడుస్తడేమో గని, నడిచేటాయిన నాకు ఎవరో తెల్వదు."

అన్న మేడం వైపు తిరిగాడు. "మా ఊళ్ళె కొత్తగ ఎక్కేటోళ్ళకు నేర్పెటోళ్ళు తక్కువున్నరు మేడం. కిందికెల్లి నేర్పాల్నన్నా ఒంట్ల ఉండాలె. పేరే పెట్టుండ్రి దానికి."

మేడం నా వైపు చూశారు. నిర్ణయం మీద నా సంతకం ఉండకూడదు. ఆవిడే సంతకం పెట్టి తారీకు వేశారు.

"ఏం పేరు పెడ్దామన్నా?" అన్నాను.

"అదేం అడుగుడే? గుజి."

నాలుగు రోజులు, మేడం ఒక్కో వరుసా చూసి ఒప్పుకుంటుంటే, ఆ ప్రోగ్రాం రాశాను. జావీద్ భాయ్ నడుము పట్టీకి బిగువు తెలుసుకునే చిన్న బిళ్ళ కుట్టించాడు. సోమవారం పట్టీలో వేలాడదీసి చూశాం, రెండుసార్లు కూలింది. గుజి అడిగినప్పుడు కుడికాలు ఆలస్యంగా వదులుతోంది. పంచనామాలో అది స్పష్టంగా కనిపించింది, ఎవరి చేతిలో ఏముందో తేటగా. సరిచేశాను. మంగళవారం పదకొండుసార్లు చేతులెత్తించాం. ఒక్కసారీ కూలలేదు. పన్నెండోసారి అన్న, "ఇగ చాలు, చేతులు గుంజుతున్నయ్" అన్నాడు.

బుధవారం కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. అందులో పెద్దాయన ముసాయిదా రాసినవారు. మర్యాదస్తుడే. నేను చూపించిన మూడు వరుసలనూ ఓపికగా చదివారు.

"ఇది వాడకందారు అలవాటు కదమ్మా. అలవాటు వల్ల కూలింది. అంటే కారణం ఆయన వైపే కదా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు కంఠతా పెట్టుకున్నాను కూడా. తీరా అడిగాక మామూలుగానే వచ్చింది.

"అయ్యా, ఆయన ఇరవై ఏళ్ళు చేసిన పనిని ఆయన ఒళ్ళు గుర్తుపెట్టుకుంది. మేం కాళ్ళు రెండే అనుకుని గళ్ళు గీశాం. గడి లేనిది మా లెక్కలో జరగనట్టే. జరిగింది మాత్రం నిజం. ఆయన సూచనలన్నీ పాటించాడు. మా కాగితమే ఆయన్ని పాటించలేదు."

"చూపించండి" అన్నారు ఆయన.

అన్న లేచాడు. ఎడమచెయ్యి పిండికట్టుతో, కుడిచెయ్యి ఖాళీగా. నలభై అడుగులు వేశాడు. గోడ దగ్గర ఆగాడు. జావీద్ భాయ్ పట్టీని వదులుగా పట్టుకున్నాడు. వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అన్న రెండు చేతులూ పైకెత్తాడు. వెనక్కి వాలాడు.

తెర మీద మూడో వరుస వెలిగింది. గుజి. నడుస్తోంది. ఎడమకాలు, ఆగి ఉంది. కుడికాలు, ఆగి ఉంది.

ఆయన పాదాలు రెండూ కలిసి నేలను తొక్కాయి. తాటిచెట్టును తొక్కినట్టు. ఎగరలేదు. మోకాళ్ళు నిటారుగా బిగుసుకుని అట్లాగే నిలబడ్డాడు, వెనక్కి వాలి, ఏ ఆధారమూ లేకుండా. తలకు పైన ఏదైనా అందుకోబోతే మా తక్కిన అయిదుగురూ గోడ పట్టుకుంటారు. ఆయన పట్టుకోలేదు. కుడిచేత్తో గడియారం దించి, పిండికట్టు మీద ఆనించుకుని, తిరిగి నలభై అడుగులు నడిచొచ్చి కమిటీ పెద్దాయన ముందు బల్ల మీద పెట్టాడు.

"పది రోజుల సంది చెప్తున్న సారూ, ఎవరూ ఇనరు. మీరన్న చెప్పుండ్రి, దీంట్ల సెల్లు మార్చుమని."

పెద్దాయన నవ్వారు. తర్వాత గడియారాన్ని చూసి, తన చేతి వాచీని చూసి, పెన్ను తీసి ముసాయిదాలో ఒక వాక్యం కొట్టేశారు. కారణం అనే గడి ఖాళీ చేసి కాగితం నా వైపు జరిపారు.

"సాంకేతిక కారణం మీరే రాయండమ్మా. గళ్ళు గీసింది మీరే కదా."

రాశాను. సాయంత్రం ఇంటికి వెళ్ళాక వదిన టీ తెచ్చి నా ముందు కూడా ఒక గ్లాసు పెట్టింది. శనివారం తర్వాత అదే మొదటిసారి. అన్న కుర్చీలో కూర్చుని చెయ్యి చాచాడు.

"ఏది, సదువు. కారణం కాడ ఏం రాసినవ్?"

చదివాను. "కారణం: కాళ్ళకు రెండే పనులు ఉంటాయనుకున్న నిర్మాణంలో లోపం. మూడో ప్రాసెస్‌కు గడి లేకపోవడం. వాడకందారు దోషం ఏమీ లేదు. నిర్మాణం రాసినది: సంధ్యారాణి."

"నీ పేరెందుకు పెట్టినవే?"

"గడి పెట్టనిది నేనే గదన్నా."

ఆయన టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"పెట్టినవ్ గదా ఇప్పుడు" అన్నాడు. "దోషం కాడికెల్లి మల్లొకసారి సదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను. వదిన కూడా వచ్చి కూర్చుంది.